తలదాకా రాని ముళ్లు

నా చేతిరాత బాగుండదు, అక్షరాలూ తప్పుతాయి, మన్నించండి. నేను చదివింది ఊళ్లో అరవ బడి. తెలుగు రాత మా నాయన ఇంట్లో నేర్పిందే. మా పక్కింటి చేపల సారు పోయిన సోమవారం చనిపోయారు. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

తమిళనాడు పెన్నాగరంలో వాళ్లిల్లూ మా ఇల్లూ గోడకు గోడ. చేపల కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రోహు చేప కండలో సన్నముళ్లు ఎలా పుడతాయన్నదే ఆయన జీవితమంతా చూసిన పని.

మా ఇంటిదానికి చేపంటే ప్రాణం. ఒకసారి గొంతులో ముల్లు గుచ్చుకుంటే, మా వాళ్ల అలవాటు ప్రకారం రాగిసంగటి ముద్ద నమలకుండా మింగించాను. ముల్లు ఇంకా లోపలికి దిగింది. ధర్మపురి ఆస్పత్రిలో తీశారు. ఆ తర్వాత ఆమె చేప ముట్టలేదు. తప్పు నాదేనని ఎవరితోనూ అనలేకపోయాను.

ఈ సంగతి విని సారు ఒక చిన్న సీసా తెచ్చారు. అందులో చేపపిల్ల. కండ గాజులా తేటగా, ఎముకలు మాత్రం రంగుమందు పట్టి ఎర్రగా ఉన్నాయి.

“చూడు వదినా, సన్నముళ్లు వెన్నెముకలో నుంచి వచ్చేవి కావు. కండల నడుమ నారపోగులే ఎముకలైతాయి. తోక దగ్గర మొదలై తలకాయ పక్కకు వస్తాయి.”

“అవి రాకముందే పట్టి తినేస్తే పోదా సారూ?” అంది మా ఇంటిది.

“అట్లయితే నీ ఒక్క కడుపుకే చెరువు ఖాళీ!”

చాలా రోజులకు ఆమె నవ్వింది. అసలు ముల్లే లేకుండా చేయలేరా అని అడిగాను.

“నారను ఎముకగా మార్చే జన్యువులు ఉండాయన్నా. వాటిల్లో ఒకదాన్ని ఆపితే ముల్లు రాదు, చేప బాగానే ఈదుతాది. కొన్నిచోట్ల చేసి చూసినారు. మనం తినే తట్టలోకి వచ్చేదానికి నిదానం కావల్ల.”

అందాకా ఏం చేయాలో ఆయనే చూపించారు. చేప పక్కల మీద దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి కరకరమనేలా వేయించారు. ముళ్లు తునకలై వేగిపోయాయి. మొదటి ముక్క తాను తిని, ఆమె తినేదాకా కూర్చున్నారు. వెళుతూ గడప దగ్గర నాతో మెల్లగా అన్నారు:

“సంగటి మా అమ్మా మింగించేదన్నా.”

అంతే. ఆ రోజు నాకూ అన్నం రుచిగా ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి ఆదివారం చేప వేగుతుంది. ఆ సీసాను సారు కూతురు నాకిచ్చింది. కిటికీలో పెట్టాను. పొద్దుటి ఎండ పడితే తోక వైపు వెంట్రుకల్లాంటి ఎర్రటి ముళ్లు కనిపిస్తాయి. తల వైపు ఇంకా రాలేదు, కండ తేటగానే ఉంది.

ముళ్లు లేని రోహు మీ వైపు అంగట్లోకి వస్తే తొందరగా ఒక జాబు రాయండి. ఆ సీసా పక్కన కూర్చుని పైకి చదువుతాను.