రసాల చెట్లకు మళ్లించిన నీళ్లు

పని ఎగ్గొట్టే బుద్ధి నాకు మొదట్నుంచీ ఉంది. దానివల్ల ఒకామె పరువు మట్టిలో కలిసిపోయింది. ఇన్నేళ్లకి చెబుతున్నానంటే పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నాననుకునేరు. అబ్బే! నోరు తెరవాల్సినప్పుడు మూసుకుని, ఇప్పుడు తీరిగ్గా వాగుతున్నాను, అంతే.

ఎనభైల చివర్లో, నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే దారిలో ఒక ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని సర్కారు ఓ మిషను పెట్టించింది. నీళ్లను పల్చటి పొరలోంచి గట్టిగా నెడితే ఒక గొట్టంలో తాగే నీళ్లు వచ్చేవి, రెండో గొట్టంలో ఉప్పంతా చేరిన నీళ్లు వచ్చేవి. మిషను నడిపేది నేను. "ఈ రెండో నీళ్లు చేలల్లోకి పోనివ్వకు. గోతిలోకి వదిలి ఎండకి ఆరనివ్వు, తేరిన ఉప్పు ఎత్తించి దూరంగా పారేయించు" అని ఇంజనీరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు. గొయ్యి తవ్వించి అడుగున టార్పాలిన్ పరిపించారు కూడా. ఉప్పెత్తడానికి మనిషి దొరక్కపోతే ఆ పని నా నెత్తిన పడేది. కాళ్లు పగిలి మండేవి. ఒళ్లు మండేది అంతకంటే ఎక్కువ.

షెడ్డు పక్కనే ఒక కూలామెకు కాస్త బంజరు పట్టా ఉండేది. అందులో ఆరు చిన్నరసాల మామిడి చెట్లు. వాటిని తనే పెట్టి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. ఆమె చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. ఎవరు కొత్త తోట వేసినా మొదటి అంటు మొక్క ఆమె చేతే పెట్టించి, కొత్త చీర పెట్టి పంపేవారు. పొద్దస్తమానం తోటల్లో ఒంగి పని చేసే మనిషికి ఆ ఒక్కరోజు మర్యాద దక్కేది.

ఓ వేసవిలో ఆమె గోతి దగ్గర నిలబడి, "ఇన్ని నీళ్లు ఊరికే ఎండిపోతన్నాయి. ఉప్పగా ఉంటయ్యంటగా, నా చెట్లకి పనికిరావాండీ బాబుగారూ?" అని అడిగింది.

ఇంజనీరు మాట గుర్తుంది. గుర్తుండే అన్నాను: "ఎందుకు పనికిరావు? కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వెయ్యరా మీరు? ఇదీ అంతే. చెట్టుకి బలం."

ఆ మాట ఆమెకు ఇట్టే పట్టేసింది. ప్రతి ఇంటా కొబ్బరికి ఉప్పు వేసేదే కదా. తనే పార తెచ్చి, గట్టు తెంపి కాలువ తీసింది. నాకు ఉప్పెత్తే బాధ తప్పింది. ఆ సాయంత్రం హాయిగా కుర్చీ వేసుకుని పేపరు చదువుకున్నాను.

ఆ చలికాలం ఆరు చెట్లూ విరగబూశాయి. చచ్చేముందు అల్లాడిపోయే చెట్టు ఒక్కోసారి అలా పూస్తుందని నాకు తర్వాత తెలిసింది. వేసవిలో గంపెడు రసాలు తెచ్చి నా ముందు పెట్టి, "అంతా మీ చలవేనండీ" అంది. సిగ్గు లేకుండా టెంకల దాకా చీకాను.

మరుసటేడు ఆకుల అంచులు మాడాయి. మొదళ్ల చుట్టూ మట్టి తెల్లగా పొరకట్టింది. అది చూసిన రోజున నాకు విషయం అర్థమైంది. ఆమెకు కాలేదు. పరిగెత్తుకొచ్చి, "నీళ్లు చాలటం లేదనుకుంటా బాబుగారూ, ఇంకాస్త వదలండి, మీకు పుణ్యముంటది" అని చేతులు జోడించింది. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. వాల్వు పూర్తిగా తెరిచాను.

మరో ఏడాదికి ఆరూ నిలువునా ఎండాయి. కొట్టించి కట్టెలకిచ్చేసింది. ఆమె చెయ్యి చెడిందని ఊళ్లో ఎవరో అన్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. ఒకరోజు షెడ్డుకొచ్చి గుమ్మంలో నిలబడింది. "నిజం చెప్పండి బాబుగారూ, ఆ నీళ్లేమన్నా చెట్లకి పడలేదంటారా?"

"ఊరంతా తాగే నీళ్ల మిషనిది. దాన్ని అంటావేంటి? నీ చేతిలో ఏముందో నాకేం తెలుసు?" అని కసిరాను.

ఆ వానాకాలం ఒక పెద్ద ఆసామి కొత్త తోట వేస్తూ నన్నూ పిలిచాడు. ఆయనకు పుకార్ల మీద నమ్మకం లేదు. మొదటి మొక్క ఆమె చేతికివ్వబోయాడు. ఆమె రెండు చేతులూ చెంగులో చుట్టుకుని వెనక్కి జరిగింది.

"నా చెయ్యి వద్దండీ ఆసామిగారూ. చెట్లు బతకవు."

"ఛ, ఊరుకో! ఏమయ్యా, పక్కనే ఉండి చూసినోడివి, నువ్వు చెప్పు" అని ఆయన నా వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. ఆమె కూడా తలెత్తి చూసింది. తన చెయ్యి మంచిదేనని నేను అంటానేమోనని ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి.

"ఎందుకొచ్చిన గొడవండీ, ఇంకెవరి చేతన్నా పెట్టించండి" అన్నాను.

ఆమె నిజమేనన్నట్టు తలూపింది.