వందకి ఎంత?

ఆనందమ్మత్తయ్య ఎవరినీ “బాగున్నారా?” అని అడగదు. “ఇవాళ వందకి ఎంత?” అంటుంది. గుడ్లవల్లేరులో మా వీధివాళ్లెవరూ ఆ ప్రశ్న తప్పించుకుని బస్సెక్కలేదు.

ఆవిడ రిటైరైన నర్సు. రెండేళ్ల క్రితం బందరు నుంచి డాక్టర్లు సర్వేకి వచ్చారు. కాన్పు ముందూ వెనకా దిగులు పట్టుకున్న తల్లులూ తండ్రులూ ఎలా ఉన్నారో తెలుసుకోవాలట. తమ ఆరోగ్యానికి తామే వందకి ఇన్నని మార్కులు వేసుకోవాలి. ఇల్లిల్లూ తిరగడానికి అత్తయ్యని పెట్టుకున్నారు. సర్వే మూడు నెలల్లో అయిపోయింది. అత్తయ్యకి మాత్రం అవలేదు!

ఒక ఆదివారం చర్చి బయట పాస్టరు బెంజమిన్ గారిని పట్టుకుంది.

“మీకు వందకి ఎంతండీ?”

“దేవుడి దయవల్ల వందకి వందమ్మా!”

“ఒప్పుకోను. వంద అన్నవాడు అబద్ధమైనా ఆడుతుండాలి, నిద్రలోనైనా ఉండాలి.”

పాస్టరుగారు మోకాలు తడుముకుని అరవై రెండుకి దిగారు. కండక్టరు చలపతిరావైతే ఆవిణ్ణి చూడగానే, టికెట్టు మాట ఎత్తకుండా “డెబ్భై!” అని అరుస్తాడు.

మా ఆవిడ కృప కాన్పయిన మూడో నెలలో బాబుతో పుట్టింటి నుంచి వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా బాబు బరువెంతని, ముక్కెవరిదని అడిగారు. అత్తయ్య నా మార్కులడిగింది.

“తొంభై అత్తయ్యా!”

“కృపకి?”

“తనకీ తొంభయ్యే.”

“ఆ పిల్ల మార్కులు నువ్వెలా వేస్తావు సుధీరూ? పరీక్ష రాసింది నువ్వా?”

చెరో కాగితం ఇచ్చి నన్ను వరండాలోకి, కృపని వంటింట్లోకి తోలింది. నవ్వుకుంటూ పెన్ను తీశాను. చెయ్యి ముప్ఫై ఐదు వేసింది! నాకే ఆశ్చర్యం. అత్తయ్య రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. కృప ఇరవై రెండు వేసింది. బాబు నవ్వినా తనకేమీ అనిపించడం లేదట. చెబితే నేను భయపడతానని దాచిందట. ఆఫీసు బాత్రూంలో ఏడ్చిన సంగతి నేనూ దాచాను. ఇన్నాళ్లూ ఒకరికొకరం తొంభై చెప్పుకుంటూ కాపురం చేశాం.

అత్తయ్య మందలించలేదు, నీతులు చెప్పలేదు. మర్నాడే మమ్మల్ని బందరు డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది. బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా అందరి చేతా మార్కులు చెప్పించింది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది.

“ఊరందరి మార్కులూ మీకెందుకత్తయ్యా?”

ఆవిడ గొంతు తగ్గించింది. “మీ ఒక్క ఇంటికే వచ్చి అడిగితే వీధంతా మిమ్మల్నే చూస్తుంది. అందరినీ అడిగేస్తే, నేనెవరి కోసం తిరుగుతున్నానో ఎవరికి తెలుస్తుంది?”

అన్నాళ్లూ అది ఆవిడ పిచ్చి అనుకున్నాం! ఆవిడ రెండు చేతులూ పట్టుకోవాలనిపించింది. చలపతిరావు దానికీ మార్కులడుగుతాడేమోనని ఆగాను.

ఆ తర్వాత డాక్టరమ్మ మందులు, మాటలు, బాబుని ఎత్తుకోవడానికి మాలో మాకు వంతులు. ఆరు నెలలు పట్టింది. నిన్న పొద్దున అత్తయ్య ఇంకా గేటు తీయనేలేదు, కృప కిటికీలోంచి “డెబ్భై ఎనిమిది!” అని కేక వేసింది. పోటీగా నేను “ఎనభై!” అన్నాను.

“మరి వీడికెంత అత్తయ్యా?” అంది కృప, భుజం మీదున్న బాబుని చూపిస్తూ.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

“వంద,” అంది. “వీడికి ఒప్పుకున్నాను.”