నోరెత్తని పిల్లల హోము

కృష్ణగిరి పిల్లల హోము కమిటీకి మా పెద్దమ్మ ప్రెసిడెంటు. తనిఖీకి పోతూ, సంచి మోయడానికి నన్ను వెంట తీసుకుపోయింది.

హోసూరులో ఏడు గంటల బస్సు ఎక్కాము. శూలగిరిలో మునెమ్మ అనే కూలి మనిషి మూడేళ్ళ పిల్లతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆమె కూడా ఆ హోముకే. చనిపోయిన అక్క కూతుళ్ళిద్దరినీ తండ్రి తాగి కొట్టేవాడట. నాలుగేళ్ళ గౌరిని అధికారులు హోములో చేర్చారు. చిన్నది, రాజి, ఈమె దగ్గర ఉండిపోయింది.

"వచ్చినప్పుడు దీనికీ మాట లేదమ్మా. గోడకానుకొని కూర్చునేది. ఇప్పుడు నిద్దర్లో కూడా నోరు మూయదు," అంది మునెమ్మ. "పెద్దదాన్ని కూడా ఇయ్యమని రెండుతూర్లు పోయినాను. మా ఇంట్లో దాని భాష చెడిపోతుందంట."

ముందు సీట్లో పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. రాజి ఆమె కొప్పు చూపించి, "దాంట్లో ఏముందప్పా?" అని కండక్టరును అడిగింది.

"ఏముందో, టికెట్ అయితే తీసుకోలేదు," అన్నాడతను.

కృష్ణగిరిలో ఇడ్లీలు తిని, పది గంటలకు హోము చేరాము. నేల అద్దంలా ఉంది. పిల్లలంతా చేతులు కట్టుకుని, ఇంగ్లీషులో ఒక ప్రార్థన, తమిళంలో ఒక పద్యం అప్పజెప్పారు. తెలుగు తప్ప ఏదీ అర్థంకాని గౌరి కూడా తప్పు లేకుండా చెప్పింది. నీళ్ళు కావాలంటే మాత్రం గ్లాసు బోర్లించి చూపించాలి. అది అక్కడి పద్ధతి.

"ఈ జిల్లాలో ఇంత క్రమశిక్షణ ఎక్కడా లేదండి. ఈ పాప వచ్చిన నాటినుంచి ఒక్క వ్యర్థమైన మాట మాట్లాడలేదు," అంది వార్డెనమ్మ, గౌరిని చూపించి.

పెద్దమ్మ తృప్తిగా తలూపి, "ఇంత చక్కగా మాట్లాడే పిల్లను నీకిచ్చి పాడుచెయ్యమంటావా?" అని మునెమ్మను అడిగింది.

ఇంతలో రాజి వరుసలో దూరి అక్క జడ పట్టి లాగింది. "ఏమే, నన్నిడిసిపెట్టి యాడికి పోయినావే?"

గౌరి మా అందరి వంకా చూసింది. తర్వాత మెల్లగా, "నేనేడికి పోయినానే, గుడ్డిదానా. వాళ్ళే ఎత్తుకొచ్చినారు," అంది. వార్డెనమ్మ వైపు వేలు చూపించి, ఈసారి గట్టిగా, "ఈడ ఈ గాడిది నోరే తెరవనీదు," అంది.

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు చివరిదాకా పాకింది. ఈ నోరు మిగతా పిల్లలకూ అంటుకుంటుందని, ఈ రోజే పంపెయ్యమని వార్డెనమ్మ పెద్దమ్మను బతిమాలింది. అలా శిక్ష వేసి గౌరిని చిన్నమ్మకు అప్పగించారు.

రెండున్నర బస్సులో అక్కచెల్లెళ్ళు శూలగిరి దాకా కిటికీ కోసం పోట్లాడుకుంటూనే వచ్చారు. వాళ్ళు దిగిపోయాక పెద్దమ్మ చెవుల్లోంచి వేళ్ళు తీసి, హోసూరు దాకా హాయిగా నిద్రపోయింది.

కృష్ణగిరి వెళ్ళేవారు ఆ హోము తప్పక చూడవచ్చు. బస్టాండుకు దగ్గర. చాలా శుభ్రంగా ఉంటుంది. పిల్లలు మిమ్మల్ని ఏమీ అడగరు.