వీరస్వామి తడిపిన గడ్డం

తార్నాకలో, విశ్వవిద్యాలయానికి పోయే దారి పక్క సందులో వీరస్వామి గారి క్షౌరశాల చాలా కాలం నడిచింది. కుంచెతో సబ్బు నురుగు పట్టించి, కత్తితో ఒకసారి గీసి, మరల నురుగు పెట్టి గీసి, చివరకు పటిక రుద్దడం ఆయన పద్ధతి. హాస్టలు విద్యార్థులు, ఒప్పంద అధ్యాపకులు ఆయనకు ఆధారం.

కరోనా తరువాత ఆ ఆధారం సడలింది. ఉపకారవేతనాలు అందక, విద్యార్థులు నలుగురు కలిసి ఒక ట్రిమ్మరు కొనుక్కొని గదిలోనే పని కానిచ్చుకోసాగారు. అధ్యాపకుడు ఆదినారాయణ గారు సైతం గడ్డంతో కనిపించారు.

"ఏం సార్, అయ్యప్ప దీక్షనా?"

"కాదప్పా, జీతం రాని దీక్ష. ఎప్పుడు విరమిస్తానో ఆ స్వామికే తెలియాల."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన మాత్రం కుర్చీలో కూర్చోలేదు.

అద్దె కట్టలేక వీరస్వామి గారు దుకాణం మూసివేశారు. ఆయనకు మరొక విద్య రాదు. మెయిన్ రోడ్డులో అద్దాల సెలూన్ నడిపే రత్నాకర్ ఒక పూట పని చేసి చూపమన్నాడు.

"ఈడ సబ్బు, కత్తి ఉండవు కాకా. అంతా మిషనే. చేతికొస్తే కుర్చీ నీదే."

"ఇన్నేండ్లు కత్తి పట్టిన. మిషనెంత బిడ్డా!"

మొదట అనిల్ అనే యువకుడు వచ్చి కూర్చున్నాడు. వీరస్వామి గారు అతని మెడకు గుడ్డ చుట్టి, అలవాటు చొప్పున అరచేతిలో నీళ్లు తీసుకొని గడ్డాన్ని మెత్తబడేదాకా రుద్దారు. పిదప మిషను ఆనించారు. తడి వెంట్రుకలు పళ్లలో ఇరుక్కొని, అది చర్మాన్ని లాగి ఆగిపోయింది.

"అబ్బా! కోస్తున్నవా, పీకుతున్నవా అంకుల్?"

రత్నాకర్ పరుగున వచ్చి మిషను విప్పి చూశాడు.

"తడిపినవా కాకా? పొడి గడ్డం మీదనే గద నడిపేది!"

"తడపకుంటే మంట పుడతది గద బిడ్డా."

రత్నాకర్ కోపగించలేదు. వేరొక పనివానిని కుర్చీ వద్దకు పంపి, ఆయనను పక్కకు పిలిచాడు.

"కుర్చీ పని నీతోని కాదు కాకా. తువ్వాళ్లు ఉతికే మనిషి మానేసిండు. జేస్తవా?"

వీరస్వామి గారు తొడుక్కున్న నల్ల ఏప్రాను విప్పి, మడిచి, అతని చేతికిచ్చారు.

"జేస్త."

మధ్యాహ్నం భార్య భారతమ్మ ఫోను చేసింది.

"కుర్చీ ఇచ్చిన్రా?"

"పని దొరికింది" అని మాత్రం చెప్పి, ఆయన తువ్వాళ్లు ఆరవేయడానికి మేడ మీదికి వెళ్లారు.