నల్లబడని ఆయిల్

స్కూటర్ ఇంజన్‌లోంచి తీసిన పాత ఆయిల్ నల్లగా ఉండాలి. ఆ ఆదివారం మా బేసిన్‌లోకి తేనెరంగులో, అడుగు కనిపించేంత తేటగా కారింది. అంతకు ముందు ఆదివారమే మా ఆయన పాతది తీసి కొత్తది పోశారు. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు.

ఆయన యూనివర్సిటీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. నేను విద్యానగర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పాను. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడూ, తార్నాకలో ఈ ఫ్లాట్‌కు మారాకా, స్కూటర్‌కు ఆయిల్ మార్చే పని ఆయన ఏ మెకానిక్‌కూ ఇవ్వలేదు. "వాళ్లు సల్లటి ఇంజన్‌కే బోల్టు ఇప్పుతరు. మడ్డంత అడుగుననే ఉంటది," అనేవారు. ముందు కాసేపు ఇంజన్ నడిపి వేడి చేసేవారు. పెద్ద స్టాండు వేసి, కింద బేసిన్ పెట్టి, పానాతో బోల్టు విప్పేవారు. ధార సన్నబడి చుక్కలయ్యాక కూడా లేచేవారు కాదు. తాళం ఆఫ్‌లోనే ఉంచి కిక్కు కొడితే లోపల దాక్కున్నది ఇంకొంచెం దిగేది. చివరి చుక్క పడేదాకా ఓపిక పట్టడమే అసలు పని అనేవారు. మీటరు ఎంత తిరిగిందో, ఏ తారీఖున మార్చామో గుర్తుంచుకునే పని నాది. "మా లెక్కల టీచరమ్మ ఊ అంటెనే బండి కదులుతది," అని నలుగురిలో నవ్వేవారు.

మొదటిసారి నాకు భయం వేసింది శివరాత్రి మర్నాడు. రోజూ పొద్దున ఆ స్కూటర్ మీదే క్యాంపస్‌కు వెళ్లేవాళ్లం. చెట్ల కింద ఆయన నడిచేవారు, మోకాళ్ల నొప్పులతో నేను బెంచీ మీద కూర్చునేదాన్ని, తర్వాత ఇద్దరం చాయ్ తాగి వచ్చేవాళ్లం. ఆ రోజు మా పాత క్వార్టర్స్ వైపు దారి చీలే చోట బండి ఆపి, కాలు కింద పెట్టి, "ఎటు?" అన్నారు. నా ఇష్టం అడుగుతున్నారనుకున్నాను. కాదు. నేను చెయ్యి చూపించాకే బండి కదిలింది. తర్వాత అలా చాలాసార్లు జరిగింది.

నేను ఒక్కదాన్నే వెళ్లి డాక్టరును అడిగాను. "పరీక్షలు తర్వాత చూద్దామమ్మా, ముందు బండి మాన్పించండి," అన్నాడు. మాన్పించలేదు. ఆ స్కూటర్ తీసేస్తే ఆయనకు పొద్దున లేచే కారణం ఏం మిగులుతుంది? ఇంకొన్నాళ్లు, ఇంకొన్నాళ్లు అని జరుపుతూ వచ్చాను.

ఆ ఆదివారం నేను స్నానం చేసి కిందికి వచ్చేసరికి ఆయన పార్కింగ్‌లో గొంతుక్కూర్చుని ఉన్నారు. బోల్టు అప్పటికే విప్పేశారు. ఎదురుగా హార్డ్‌వేర్ దుకాణం నడిపే ఆయన, తన షట్టర్‌కు పూయడానికి మా పాత ఆయిల్ పట్టుకుపోతుంటాడు. ఆ రోజూ డబ్బాతో వచ్చాడు.

"పోయిన వారమే ఇస్తిరి గద సారూ, మళ్ల తీస్తున్నరా?" అన్నాడు. వంగి బేసిన్‌లోకి చూశాడు. "అరె, గిది కొత్త ఆయిలే! బంగారం లెక్క ఉన్నది. పైసలు ఎక్కువైనయా ఏంది సారూ?"

మా ఆయన బేసిన్ వైపు చూశారు, తర్వాత నా వైపు. బోర్డు ముందు నిలబడి, లెక్క సగంలో దారి తప్పిన పిల్లలు నా వైపు అలా చూసేవాళ్లు.

"నేనే తియ్యమన్న," అన్నాను. "డబ్బా మీది నంబరు తప్పు సదివి వేరే రకం తెచ్చిన."

"మీరు తప్పు సదువుడా అమ్మా! నా బిల్లుల అర్ధ రూపాయి తేడా వస్తె వాపస్ పంపుతరు మీరు," అని నవ్వాడు. అంతలో మా ముఖాలు చూసినట్టున్నాడు, నవ్వు ఆగిపోయింది. "కానియ్యుండ్రి సారూ. నల్లది ఉన్నప్పుడే వస్త," అని ఖాళీ డబ్బాతో వెళ్లిపోయాడు.

బోల్టు బిగించారు. అదే ఆయిల్‌ను పల్చటి బట్టలో వడగట్టి మళ్లీ పోశాం, గరాటు నేను పట్టుకున్నాను. వాషర్ పెట్టడంలో గానీ, పానా తిప్పడంలో గానీ ఆయన చేతులు ఎక్కడా తడబడలేదు. అది చూస్తుంటే నాకు ఇంకా ఏడుపు వచ్చింది.

చేతులు కడుక్కుని మెట్ల మీద కూర్చున్నారు.

"పోయిన వారం చేసిన్నా?"

"చేసిండ్రు."

"శనివారమా?"

"ఆదివారం."

"ఎప్పటి సంది ఎర్క నీకు?" అన్నారు.

దుకాణం ఆయనకు అబద్ధం చెప్పగలిగాను. ఈయనకు చెప్పలేకపోయాను. "శివరాత్రి సంది," అన్నాను.

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో ఆగి, ఆ చెయ్యి అలాగే నా ముందు చాపారు. మిగతావి నేను లెక్కపెట్టాను. ఆరు.

"గన్ని దినాలు ఒక్కదానివే దాసుకున్నవా?"

"చెప్తె మీరు బండి మానేస్తరని చెప్పలే."

"పిచ్చిదానా, ఎనక కూసునేది నువ్వే గద," అన్నారు. తాళం చెవి తీసి నా ఒళ్లో పెట్టారు. "ఇగ నేను నడప. గని బండి అమ్మకు."

అమ్మలేదు. ఇప్పుడు క్యాంపస్‌కు ఆటోలో వెళ్తాం, ఆయనకు మనసు బాగున్న రోజుల్లో. ఆదివారాలు మాత్రం పార్కింగ్‌లోకి వెళ్లి, స్టాండు మీదనే బండి స్టార్ట్ చేస్తారు. వాడకుండా ఉంచితే ఇంజన్ పాడవుతుందని ఇంకా తెలుసు. నేను పక్కన నిలబడి, చాలనుకున్నప్పుడు ఆపేస్తాను.

మొన్న ఆదివారం సీటు మీద కూర్చుని, నన్ను వెనక ఎక్కమని చేత్తో సైగ చేశారు. మోకాళ్లు సహకరించకపోయినా, ఆయన భుజం పట్టుకుని ఎక్కాను. ముందు గోడ ఉంది. ఇంజన్ ఆడుతోంది.

"గేటుకాడికెళ్లి పోదామా, అడిక్‌మెట్ తిరిగి పోదామా?" అని తల తిప్పకుండా అడిగారు.

పరిహాసమేమోనని ముందుకు వంగి చూశాను. ఆయన ముఖం సరిగా కనబడలేదు. అడిక్‌మెట్ మీదుగా అయితే మాకు క్యాంపస్ రెట్టింపు దూరం.

"అడిక్‌మెట్ తిరిగి పోదాం," అన్నాను.