ఇంట్లో పది మీటర్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, మెడలో ఈల, అనంతపురంలో ఒక చిన్న పిస్టల్ షూటింగ్ క్లబ్బులో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం. ఇక తెలుసుకోవడానికి ఏం మిగులుతుంది? అంతలో కరోనా వచ్చి క్లబ్బుకు తాళం పడింది, నేను రాయదుర్గంలో మా ఇంటికి చేరాను. వారం తిరక్కుండానే ఒక ఆలోచన తట్టింది. షూటర్లు ఎవరిళ్లలో వాళ్లు నిలబడి ఎయిర్ పిస్టల్ కాలుస్తారు, ఫోన్ కెమెరాల్లో అందరం అందర్నీ చూసుకుంటాం, పోటీ మా హాల్లోంచి నేను నడిపిస్తాను. గెలిచినవాళ్లకు క్లబ్బులోని ఒకే ఒక్క విదేశీ పిస్టల్‌ను ఏడాదిపాటు సాధనకు ఇవ్వడానికి మా పెద్ద కోచ్ ఒప్పుకున్నారు. (ఆ పిస్టల్ మీద అందరికంటే ముందు కన్నేసింది నేనే. అందుకే నిర్వాహకుడు కూడా పోటీ చేయవచ్చని ఒక నియమం రాసి పెట్టుకున్నాను.)

మొత్తం నియమాలు పదకొండు పేజీలు వచ్చాయి. గురి అట్టకూ కాలి గీతకూ మధ్య సరిగ్గా పది మీటర్లుండాలి, దాన్ని టేపుతో కొలిచి కెమెరాకు చూపాలి, కాల్చేటప్పుడు ఇంట్లో ఎవరూ అటు రాకుండా తలుపు గడియ పెట్టాలి, గెలిచినవారు అందరి ముందూ మళ్లీ కొలిచి చూపాలి. ఆరుగురం బరిలోకి దిగాం. అందులో ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకరు మా ఊళ్లోనే జీన్స్ కుట్టే టైలర్ మాస్టర్. అందరి ఇళ్లలో గుళ్లు గోడకు తగలకుండా ఆపిన పెట్టెల్లో కుక్కింది ఆయన పంపిన జీన్స్ ముక్కలే. రెండో మనిషి డిగ్రీ చదువుతున్న కణేకల్ ఊరి అమ్మాయి, వాళ్ల నాయన వడ్ల గోడౌన్‌లో కాల్చేది. తనకు ఇంటికిచ్చి పంపిన క్లబ్బు పాత పిస్టల్ ట్రిగ్గర్ బిగుసుకుపోతోందని ఆమె చాలాసార్లు చెప్పింది. లోపం ట్రిగ్గర్‌లో లేదు, వేలిలో ఉందని నేను ఆమెకు గంటసేపు బోధించాను.

పోటీ ఆదివారం పొద్దున మొదలైంది. పదేసి గుళ్లకు ఒక అట్ట, మొత్తం ఆరు అట్టలు. టైలర్ మాస్టర్ మొదటి అట్ట ముగించి చూపేసరికి ఆయన గీత అట్టకు దగ్గరగా ఉందనిపించి ఆపించాను. కొలిపిస్తే నాలుగు వేళ్లు తక్కువ వచ్చింది. ముందు కొలిచి చూపాక, బీరువా అడ్డమై గీత కాస్త ముందుకు వేశానన్నాడు. నేను ఏడో పేజీ చదివి వినిపించి, ఆ పది గుళ్లనూ సున్నా చేశాను. ఆయన బీరువా జరిపి, గీత మళ్లీ వేసుకుని, మిగతా అయిదు అట్టలూ కాల్చాడు. నా నిష్పక్షపాతానికి నాకే ముచ్చటేసింది.

ఇక నా కాల్పు సంగతి. క్లబ్బులో ఎన్నడూ రానంత స్కోరు వచ్చింది. గుళ్లన్నీ నల్ల చుక్క నడుమకే పోతున్నాయి. ఇంటి భోజనం వల్ల చెయ్యి కుదురుకుందని అమ్మతో అన్నాను కూడా. చివరికి నేనే మొదటివాణ్ణని నేనే ప్రకటించి, నియమం ప్రకారం మళ్లీ కొలవడానికి టేపు తీశాను. మొదటిసారి దాని కొస అట్ట దగ్గరి మేకుకు తగిలించి ఒక్కణ్ణే కొలిచాను, ఈసారి నాయన పట్టుకున్నాడు. కాలి గీత దగ్గర పది అంకె అందరికీ చూపించాను. బట్టలు కొలిచే మనిషి ఊరుకుంటాడా?

"కోచప్పా, టేపు కొసలో ఏ నంబరుండాదో చూడు," అన్నాడు టైలర్ మాస్టర్, మెల్లగా.

నేను చూసేలోపే నాయన చెప్పేశాడు. "ఒకటి నుంచే ఉంటాదప్పా. మొదటి మీటరు నేనే కోసుకున్నా, సంపులో నీళ్లెంతుండాయో చూసుకునేదానికి."

ఆయనకది మామూలు విషయం. మా వైపు సంపులో నీళ్ల లెక్క ముందు పిస్టళ్లు ఏపాటి? నేను అరవై గుళ్లూ తొమ్మిది మీటర్ల నుంచి కాల్చాను. ఫోన్‌లో ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. నెట్‌వర్క్ పోయినట్టు కాల్ కట్ చేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం, వేలు దాకా వెళ్లింది కూడా. తర్వాత ఏడో పేజీ తీసి, నాలుగు వేళ్లకే పది గుళ్లు పోతే మీటరుకు ఎన్ని పోవాలో అందరికీ వినపడేలా చెప్పి, నా అట్టలన్నీ సున్నా చేశాను. మాస్టర్ మొదటి అట్ట తిరిగి లెక్కలోకి తీసుకుంటానని కూడా అన్నాను. దాంతో గెలుపు ఆయనదే అయ్యేది.

"వద్దప్పా. నా గీత తప్పే కదా. రూలు ఇద్దరికీ ఒకటే ఉండనీ," అన్నాడాయన.

అలా కణేకల్ అమ్మాయి గెలిచింది. బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక నేనే పిస్టల్ తీసుకెళ్లి ఇచ్చాను. పాత పిస్టల్‌ను నాచేతే ఒకసారి కాల్పించింది. ట్రిగ్గర్ నిజంగానే బిగుసుకుపోతోంది. ఆ మాట ఒప్పుకుంటే, "చెప్తానే ఉన్నా కదన్నా," అని మాత్రం అంది. ఆ ఏడాది ఆమె చెయ్యి ఎంత మెరుగుపడిందంటే, తర్వాత క్లబ్బులో పిల్లలకు నేర్పడానికి నేను ఆమెనే పిలవాల్సి వచ్చింది.

ఇప్పుడు మా క్లబ్బులో దూరాన్ని ఎవరూ కొలవక్కర్లేదు, సిమెంటు నేల మీద శాశ్వతంగా గీతలున్నాయి. అయినా పోటీ రోజు అందరూ చేతులెత్తి ఊపిరి బిగబట్టినప్పుడు నాకు ఆ చిన్న తెర గుర్తొస్తుంది. ఒక ఇంట్లోంచి కుక్కర్ కూత, మరో ఇంట్లోంచి కుట్టుమిషను చప్పుడు, గోడౌన్‌లోంచి పిచ్చుకలు, వాటి మధ్యలో లోకమంతా తన చేతిలోనే ఉందనుకుంటూ కుర్చీలో నిటారుగా కూర్చున్న ఒక కుర్రాడు. ఇవాళ వాడు నా దగ్గర ఉద్యోగానికొస్తే, కాసేపు నవ్వుకుని, తప్పకుండా పెట్టుకుంటాను.