గొడుగు పట్టిన నక్క

నాకో పిచ్చి ఉంది. కంప్యూటర్లు రాకముందు టీవీలో నడిచిన కదిలే బొమ్మల కోసం చేత్తో రంగులేసిన అసలు షీట్లు వెతికి దాస్తాను. అవతలివైపు కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీటు మీద ఒక్కో కదలికకు ఒక్కో బొమ్మ. నక్క ఒక్కసారి కన్నార్పాలంటే ఎవరో కూర్చుని ఆ కన్నును నాలుగుసార్లు వేయాలి. ఆ ఎవరో ఎవరన్నదే నాకు తెగని ఆరాటం.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, అలా రంగులేసినావిడ కల్వకుర్తిలో ఉందని విని ఆలేరు నుంచి బస్సులు మారి పోయాను. అరవై దాటిన మనిషి. వయసులో హైదరాబాద్‌లోని ఒక స్టూడియోలో పనిచేసిందట. అప్పట్లో వాళ్లింట్లో టీవీ లేదు, తన బొమ్మలు కదలడం తనెప్పుడూ చూడలేదట. బీరువాలోంచి ఐదు షీట్లు తీసి మంచం మీద పరిచింది. గొడుగు పట్టిన నక్క! చిన్నప్పుడు పక్కింటి కిటికీకి వేలాడి చూసిన నక్క.

అంతలో నా నేతింటి బుద్ధి అడ్డొచ్చింది. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది నేసే మా చీరలు రెండు వైపులా ఒకేలా ఉంటాయి. అచ్చు వేసిన నకిలీకి వెనక వెలవెలబోతుంది. అందుకే మా ఇంట్లో ఏది చేతికొచ్చినా ముందు తిరగేస్తాం. ఆ షీటునూ తిరగేశాను. వెనకంతా రంగు గీత దాటి ముద్దలు ముద్దలుగా ఉంది. ఇవి టీవీలో వచ్చినవి కావమ్మా, నేర్చుకునేవాళ్లు పాడుచేసినవి అన్నాను, మహా తెలిసినవాడిలా. ఆమె ఛాయ్ ఇచ్చి పంపింది.

నా దగ్గరున్నవన్నీ అద్దాల ఫ్రేముల్లో బిగించినవి, వాటి వెనక నేనెప్పుడూ చూడలేదు. నెల తర్వాత అనుమానం పీకి ఒకటి విప్పాను. వెనక అవే ముద్దలు. గీత ముందువైపు గీసి, రంగు వెనకనుంచి నింపుతారన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే కల్వకుర్తి బస్సెక్కాను.

ఆమె గదిలో నాలుగు షీట్లు ఖాళీగా, బొమ్మ లేకుండా గోడకు ఆనించి ఉన్నాయి.

"నా పని టీవీల వచ్చిందని ఇన్నేండ్లు అందరికి చెప్పుకున్న. నువ్వు గట్లన్నంక నాకే అనుమానమైంది బిడ్డా. కడిగేసిన. ఐదోదానికి చెయ్యి రాలే."

తప్పు నాదేనని, అవి అసలువేనని చెప్పి కాళ్లు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి జరిగింది. ఆ నక్క నిజంగా నడిచిందా అని మెల్లగా అడిగింది. నడిచిందమ్మా, నేను చూశాను అన్నాను.

"ఎట్ల నడిచింది? జర చూపియ్యి."

లేని గొడుగు పట్టుకుని, నలభై దాటిన నేను ఆ గదిలో మునికాళ్ల మీద నక్కలా నడిచాను. ఆమె ఐదో షీటును ఒళ్లో పెట్టుకుని నా పాదాలనే చూసింది. కళ్లు తుడుచుకుని, ఇంకోసారి నడవమంది.